హ్యాష్‌తో మొదలైనదల్లా కామెంటేనా?

(బాబాయి యూనిక్స్ సర్వర్ల నిర్వహణలో తలపండిన మనిషి. ఆయన అన్న కూతురు భాషా డేటా మీద పనిచేసే ప్రోగ్రామర్. టెక్స్ట్ ఫైలును ప్రోగ్రాముతో చదివించేటప్పుడు అందులోని కామెంట్ లైన్లను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో, అంటే రెజెక్స్‌తో, దాటేయవచ్చా కూడదా అన్నది వాళ్లిద్దరి వాదం.)

బాబాయి: ఇందులో వాదించడానికి ఏముంది అమ్మాయ్? లైను మొదట్లో హ్యాష్ గుర్తుంటే అది మనిషి కోసం రాసిన మాట. ప్రోగ్రాముకు దానితో పనిలేదు. ‘^#’ అని ప్యాటర్న్ రాసి, గ్రెప్ అనే వెతికే ప్రోగ్రాముకు మైనస్ వి ఆప్షన్ ఇస్తే ఆ లైన్లు పోయి మిగతావన్నీ వస్తాయి. హ్యాష్ ముందు ఖాళీలుండే అవకాశముంటే ‘^ *#’. ఖాళీ లైన్లు కూడా అక్కర్లేదంటే, పెద్ద ఈ ఆప్షన్ కూడా ఇచ్చి ‘^ *(#|$)’. ట్యాబులు కలిసే ఫైలైతే ఆ ఖాళీతో పాటు ట్యాబునూ చదరపు బ్రాకెట్లలో పెట్టాలి. కొత్తగా చేరిన కుర్రాడికి ఒక్క పూటలో నేర్పగల పని ఇది.

అమ్మాయి: ప్యాటర్న్‌తో నాకు గొడవ లేదు బాబాయ్. నువ్వన్న మొదటి మాటతోనే గొడవ. లైను మొదట్లో హ్యాష్ ఉన్నంత మాత్రాన అది మనిషి కోసం రాసిన మాటేనని ఎవరు తేల్చారు? రెజెక్స్‌కు కనిపించేది అక్షరాల వరస ఒక్కటే. అది కామెంటో కాదో తేల్చేది ఆ ఫైలును చివరికి చదివే ప్రోగ్రాము. దాన్ని అడక్కుండానే మనం ముందే కోసి పారేస్తున్నాం.

బాబాయి: ఎవరు తేల్చారంటే, ఆ ఫైలు ఫార్మాట్ తయారుచేసినవాళ్లే తేల్చారు. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ కాన్ఫిగరేషన్ ఫైలు మాన్యువల్ చూడు. హ్యాష్‌తో మొదలైన లైన్లూ, ఖాళీ లైన్లూ కామెంట్లేనని రాసిపెట్టారు. నియమం లైనును బట్టి ఉన్నప్పుడు లైనును చూసే పనిముట్టు చాలదా? యూనిక్స్ కట్టడమే ఈ ఆలోచన మీద నిలబడింది. కెన్ థాంప్సన్ 1968లో రెజెక్స్‌తో వేగంగా వెతికే పద్ధతి ప్రచురించాడు. 1973లో గ్రెప్ వచ్చింది. ‘ఈ ప్యాటర్న్‌కు సరిపోయే లైన్లన్నీ ఫైలంతా వెతికి చూపించు’ అని ఈడీ ఎడిటర్‌లో ఇచ్చే ఆజ్ఞే విడి ప్రోగ్రాము అయింది. 1977లో ఆహో, వైన్‌బర్గర్, కెర్నిఘన్ కలిసి ఆక్ రాశారు. వీటన్నిటికీ లైనే ప్రమాణం. ఒక్కో లైనూ చదివి వదిలేస్తూ పోతాయి కాబట్టి ఫైలు పది జీబీలున్నా మెమరీ నిండదు.

అమ్మాయి: సరే, ఆ ఎస్‌ఎస్‌హెచ్ ఫైలునే తీసుకుందాం. ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్‌తో పాటు వచ్చే నమూనా ఫైల్లో చాలా ఆప్షన్లు కామెంట్లుగానే ఉంటాయి. వీలున్న చోటల్లా డిఫాల్ట్ విలువ రాసి, ముందు హ్యాష్ పెట్టి వదలడం వాళ్ల పద్ధతి. ఆ సంగతి ఫైలు మొదట్లోనే చెప్పారు. అంటే హ్యాష్ ఉన్న ఆ లైను ‘ఈ ఆప్షన్ లేదు’ అనడం లేదు, ‘ఎవరూ మార్చకపోతే ఇదే విలువ’ అంటోంది. గ్రెప్ చేశాక మిగిలిన లైన్లను చూసి సర్వర్లో అమల్లో ఉన్నవి ఇవేనని నమ్మితే మోసపోతాం. ఇంక్లూడ్ లైను ఒకటుంటే వేరే ఫైళ్లు వచ్చి కలుస్తాయి. ఒకే ఆప్షన్ రెండుసార్లు వస్తే చాలావరకు మొదటి విలువే నిలుస్తుంది. అమల్లో ఏముందో తెలియాలంటే ఆ సర్వర్ ప్రోగ్రామునే పెద్ద టీ ఆప్షన్‌తో అడగాలి. అన్నీ కలిపి లెక్కేసి చెప్పేది అదొక్కటే.

బాబాయి: నువ్వడిగేది ‘అమల్లో ఏముంది’ అని. నేనడిగేది ‘ఈ ఫైల్లో మనవాళ్లు ఏం రాశారు’ అని. రెండూ వేరు. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే, పొడుగాటి ఫైల్లో మనిషి చెయ్యిపడ్డ లైన్లు ఏవో క్షణంలో కనబడాలి. అప్పుడు ఈ ఫార్మాట్‌కు పార్సర్ లైబ్రరీ ఎక్కడుందా అని వెతుక్కుంటూ కూర్చోలేను. ఆ మెషీన్‌లో అది ఉండదు. తెచ్చి పెట్టడానికి నెట్ ఉండకపోవచ్చు. గ్రెప్, సెడ్, ఆక్ అయితే ఎక్కడైనా ఉంటాయి. ఇంకో మాట కూడా ఉంది. నా ఆజ్ఞ ఒక్క లైను. పక్కవాడు చదివి ఇక్కడ తప్పుందని వేలుపెట్టి చూపించగలడు. లైబ్రరీలోని వేల లైన్లలో తప్పుంటే చూపించేదెవరు?

అమ్మాయి: కళ్లతో చూసుకోవడానికైతే నీ మాటకు పూర్తిగా ఒప్పుకుంటాను. వడకట్టిన లైను తెర మీద కనబడకపోయినా అసలు ఫైల్లో భద్రంగా ఉంటుంది. కానీ వడకట్టినదాన్ని ఇంకో ప్రోగ్రాముకు తినిపించినప్పుడు సంగతి వేరు. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌నే చూడు. ఎడిటర్ తెరిచి కమిట్ సందేశం రాస్తే, హ్యాష్‌తో మొదలైన లైన్లను కామెంట్లనుకుని తీసేస్తుంది. బగ్ నంబరును హ్యాష్‌తో రాయడం ప్రోగ్రామర్లకు అలవాటు. ‘#123’ అని లైను మొదలుపెట్టి, ఏం సరిచేశారో దాని పక్కనే రాస్తే ఆ లైను చరిత్రకెక్కదు. అదే సందేశాన్ని మైనస్ ఎం ఆప్షన్‌తో ఆజ్ఞలోనే ఇస్తే నిలుస్తుంది. అవే అక్షరాలు, అదే ప్రోగ్రాము. వచ్చిన దారి మారేసరికి ఒకచోట కామెంట్, ఇంకోచోట సందేశం.

బాబాయి: కామెంట్ గుర్తుగా హ్యాష్ వద్దనుకుంటే ఇంకోటి పెట్టుకునే సెట్టింగ్ గిట్‌లోనే ఉంది కదా.

అమ్మాయి: ఉంది. నా వాదన కూడా అదే. ఏది కామెంటో ఒక సెట్టింగ్ మార్చితే మారిపోతోందంటే, అది లైనులో ఉన్న గుణం కాదు, చదివేవాడి నియమంలో ఉన్న గుణం. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ బ్యాకప్ ఫైలు ఎప్పుడైనా తెరిచి చూశావా?

బాబాయి: చూడకుండా ఎలా ఉంటాను?

అమ్మాయి: అందులో ‘/*!40101’ అని మొదలయ్యే లైన్లుంటాయి. మిగతా చాలా డేటాబేస్‌లకు అవి ఉత్త కామెంట్లు. మైఎస్‌క్యూఎల్ మాత్రం ఆ ఆశ్చర్యార్థకం చూసి, తన వెర్షన్ 4.1.1 గానీ ఆపైది గానీ అయితే లోపలున్న ఆజ్ఞను అమలు చేస్తుంది. కనెక్షన్‌లో ఏ ఎన్‌కోడింగ్ వాడాలో చెప్పే ఆజ్ఞ సాధారణంగా అలాంటి లైన్లోనే ఉంటుంది. కామెంట్లన్నీ తీసేసి ఫైలు శుభ్రం చేశామనుకుని, డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ లాటిన్-1 గా ఉన్నచోట ఆ బ్యాకప్‌ను ఎక్కించామనుకో. ఇంగ్లీషు పేర్లన్నీ సరిగ్గానే కనబడతాయి. తెలుగు పేర్లన్నీ చెడిపోతాయి. ఎర్రర్ రాకుండానే ఇదంతా జరిగిపోవచ్చు.

బాబాయి: అది రెజెక్స్ చేసిన పాపం కాదు తల్లీ. కామెంట్లో ఆజ్ఞలు దాచినవాడి పాపం. డగ్లస్ క్రాక్‌ఫోర్డ్ జేసన్ అనే డేటా ఫార్మాట్‌లో కామెంట్లు లేకుండా చేసింది ఇందుకే. పార్సర్‌కు ఆదేశాలను జనం కామెంట్లలో పెట్టడం మొదలుపెట్టారనీ, అలా సాగితే ఒకరి ఫైలు ఇంకొకరి ప్రోగ్రాముకు పనికిరాకుండా పోతుందనీ ఆయనే వివరించాడు. కాన్ఫిగరేషన్ ఫైళ్లలో కామెంట్లు కావాలనుకునేవాళ్లకు ఆయనిచ్చిన సలహా ఏమిటి? నచ్చినన్ని రాసుకోండి, పార్సర్‌కు ఇచ్చే ముందు తీసేయండి అని. అంటే ఆయనది నా పక్షమే.

అమ్మాయి: సగమే నీ పక్షం. తీసేయమన్నాడు కానీ ప్యాటర్న్‌తో తీసేయమనలేదు. తాను రాసిన జేఎస్‌మిన్ అనే ప్రోగ్రాము గుండా పంపమన్నాడు. ఎక్కడ స్ట్రింగ్ మొదలై ఎక్కడ ముగుస్తుందో దానికి తెలుసు. అదే పనికి ‘//.*’ అన్న ప్యాటర్న్ వాడితే, ఫైల్లోని ప్రతి వెబ్ అడ్రసులోనూ రెండు స్లాషులుంటాయి కాబట్టి, అక్కడి నుంచి లైను చివరిదాకా తెగిపోతుంది. ఇక పాపం ఎవరిదన్నది పక్కన పెట్టు. దాచడం తప్పే అనుకుందాం. అలాంటి ఫైళ్లు లోకంలో ఉన్నాయి, మనం చదవాలి. పైగా కొన్నిచోట్ల అది దాచడం కూడా కాదు, ఒప్పందం. పైథాన్ ఫైలుకు ఏ ఎన్‌కోడింగో చెప్పే ప్రకటన మొదటి రెండు లైన్లలో ఒక కామెంట్‌గా ఉండాలని పెప్ 263 అనే ప్రతిపాదన నిర్ణయించింది. పైథాన్ తన కామెంట్‌ను తానే చదువుకుంటుంది. స్క్రిప్టు మొదట ఉండే ‘#!’ లైను షెల్‌కు కామెంట్, కెర్నెల్‌కు ఆజ్ఞ. 1980లో డెన్నిస్ రిచీ దాన్ని ప్రవేశపెట్టినప్పటి నుంచి ఒకే లైనుకు ఇద్దరు పాఠకులు, రెండు అర్థాలు.

బాబాయి: అవి ప్రోగ్రాములు. మన మాట డేటా ఫైళ్ల గురించి.

అమ్మాయి: డేటా ఫైళ్లకే వద్దాం, నా రోజువారీ పని అదే. యూనికోడ్ సంస్థ ప్రచురించే ఫైళ్లలో ఏ అక్షరం ఏ లిపిదో చెప్పేది ఒకటుంది. అందులో లైను చివర హ్యాష్ తర్వాత అక్షరం పేరు ఉంటుంది, అది మన కళ్ల కోసమే. కానీ హ్యాష్‌తోనే మొదలయ్యే ఇంకో రకం లైను ఉంది. హ్యాష్ తర్వాత ఎట్ గుర్తు, ‘మిస్సింగ్’ అనే మాట, ఒక పరిధి, ఒక విలువ. ఈ ఫైల్లో ఎక్కడా కనబడని స్థానాలకు ఈ విలువ తీసుకోండి అని దానర్థం. తెలుగు బ్లాకులో 128 స్థానాలున్నాయి, అన్నిటికీ అక్షరాలు కేటాయించలేదు. కేటాయించని స్థానానికి లిపి ఏది అని అడిగితే ఆ ఫైల్లో జవాబు దొరికేది ఆ ‘కామెంట్’ లైన్లోనే. యూనికోడ్ దాన్ని ప్రోగ్రాములు చదవడానికే పెట్టింది.

బాబాయి: వేల లైన్ల మధ్య ఒక్క లైను.

అమ్మాయి: ఆఫీసు రిజిస్టర్లో రిమార్కుల గడి కూడా ఎక్కువ పేజీల్లో ఖాళీగానే ఉంటుంది బాబాయ్. కానీ ఉద్యోగి బదిలీ అయ్యాడన్న ముక్క ఉండేది అక్కడే. ఇమోజీ పరీక్ష ఫైలు చూడు. ఏ ఇమోజీ ఏ వర్గంలోకి వస్తుందో చెప్పే శీర్షికలన్నీ హ్యాష్ లైన్లే. ఇమోజీల పేర్లుండేది కూడా ప్రతి లైనులో హ్యాష్ తర్వాతే. కామెంట్లు తీసేస్తే మిగిలేవి కోడ్ అంకెలూ, వాటి స్థితీ. పేర్ల కోసం లైనును హ్యాష్ దగ్గర ముక్కలు చేద్దామనుకుంటే ఇంకో చిక్కు. హ్యాష్ గుర్తు కూడా ఒక ఇమోజీయే. దాని లైనులో హ్యాష్ ఒక్కసారి కాదు, బొమ్మలోనూ పేరులోనూ మళ్లీ వస్తుంది. జన్యు పరిశోధకులు వాడే వీసీఎఫ్ ఫైళ్లు ఇంకా ముఖ్యం. రెండు హ్యాష్‌లతో మొదలయ్యేవి ఫైలు వివరాలు. ఒకే హ్యాష్‌తో మొదలయ్యే లైను నిలువు వరుసల శీర్షిక. ఏ వరుస ఎవరి నమూనాదో చెప్పేది ఆ లైనే. దానికి ‘^#’ వాడితే అంకెలు మిగులుతాయి, ఆ అంకెలు ఏ మనిషివో తెలియదు.

బాబాయి: ఈ ఉదాహరణలకు తల వంచుతాను. కానీ నీ లెక్కలో ఒక పొరపాటుంది, అది చెప్పనివ్వు. వీసీఎఫ్‌లో ‘^##’ అని రాసి వివరాల లైన్లు మాత్రమే తీసేసి, శీర్షికను ఉంచుకోవచ్చు. అది రెజెక్సే. యూనికోడ్ ఫైల్లో ముందు మిస్సింగ్ లైన్లను పట్టుకుని, ఆ తర్వాతే మిగతా హ్యాష్ లైన్లను వదిలేయవచ్చు. అదీ రెజెక్సే. నువ్వు తప్పుపడుతున్నది ఫార్మాట్ చదవని మనిషిని. శిక్ష మాత్రం పనిముట్టుకు వేస్తున్నావు.

అమ్మాయి: లైను మొదట్లో ఉన్నంతవరకు అలాగే అనుకో. లైను మధ్యకు వస్తే? సెడ్‌తో ‘#.*’ను ఖాళీతో మార్చేయడం ఎంతోమందికి అలవాటు. వెబ్ పేజీల్లో రంగుల కోడ్‌లు తరచు హ్యాష్‌తోనే మొదలవుతాయి. పాస్‌వర్డ్‌లో హ్యాష్ ఉండొచ్చు. షెల్‌లో అయితే మాట మొదట్లో ఉంటేనే హ్యాష్ కామెంట్, మాట మధ్యలో ఉంటే మామూలు అక్షరం. డీఎన్ఎస్ జోన్ ఫైళ్లలో కామెంట్ గుర్తు సెమికోలన్. ఈమెయిల్ నిజంగా మన డొమైన్ నుంచే వచ్చిందని రుజువుచేసే డీకిమ్ రికార్డు ఆ ఫైల్లోనే కోట్స్ మధ్య ఉంటుంది. వెర్షన్, కీ రకం, పబ్లిక్ కీ, ఈ మూడింటినీ విడదీసేవి సెమికోలన్లే. ‘;.*’ అని కోస్తే వెర్షన్ మిగులుతుంది, కీ పోతుంది.

బాబాయి: ఇక్కడ నీకు అసలైన జవాబు ఉంది, విను. కామెంట్‌ను ఒంటరిగా వెతకడమే తప్పు. కామెంట్ గుర్తు ఎక్కడెక్కడ నక్కి ఉండగలదో అవన్నీ కలిపి వెతకాలి. ‘"(\\.|[^"\\])*"|#.*’ అని రాయి. నిలువుగీతకు ఎడమవైపు ఉన్నది కోట్స్ మధ్య స్ట్రింగ్, లోపల బ్యాక్‌స్లాష్‌తో వచ్చే కోట్‌ను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. కుడివైపు ఉన్నది కామెంట్. ఇంజిన్ ఎడమ నుంచి కుడికి నడుస్తుంది, ఏది ముందు మొదలైతే దాన్ని మింగుతుంది. స్ట్రింగ్ దొరికితే ఉన్నదున్నట్టు వదిలిపెట్టు. కామెంట్ దొరికితే తీసేయి. స్ట్రింగ్ లోపలి హ్యాష్‌కు కామెంట్‌గా దొరికే అవకాశమే లేదు, ఎందుకంటే ఇంజిన్ ఆ స్ట్రింగ్‌ను మొత్తంగా దాటేసింది.

అమ్మాయి: ఇది చక్కటి పద్ధతి, కాదనను. కానీ బాబాయ్, నువ్విప్పుడు చేస్తున్నది లైన్లు దాటేయడం కాదు, ఫైలును పదాలుగా విడగొట్టడం. దాన్నే లెక్సర్ అంటాం. 1975లో మైక్ లెస్క్, ఎరిక్ ష్మిట్ రాసిన లెక్స్ ప్రోగ్రాము చేసేది ఇదే, రెజెక్స్‌ల చిట్టా ఇస్తే లెక్సర్ తయారుచేస్తుంది. నువ్వు నా పక్షానికి వచ్చేశావు.

బాబాయి: నువ్వే నా పక్షానికి వచ్చావు. లెక్సర్ లోపల ఉన్నది రెజెక్సే అని నీ నోటితోనే అన్నావు.

అమ్మాయి: అయితే దాని హద్దు కూడా చెప్పుకుందాం. సీ భాషలో కామెంట్ ‘/*’తో మొదలై ‘*/’తో ముగుస్తుంది, లైన్లకు లైన్లు సాగవచ్చు. దీనికి ‘/\*.*\*/’ అని రాస్తే ఒకే లైనులో రెండు కామెంట్లున్నప్పుడు మొదటిదాని తల నుంచి రెండోదాని తోకదాకా, మధ్యలోని కోడ్‌తో సహా మింగేస్తుంది. ‘/\*.*?\*/’ అని ఆశ తగ్గించాలి. అప్పుడు కూడా చుక్క గుర్తు మామూలుగా లైను దాటదు కాబట్టి దాటమని ఆప్షన్ ఇవ్వాలి. దొరికాక తీసేసి ఊరుకుంటే చాలదు, దాని చోట ఒక ఖాళీ పెట్టాలి. సీ ప్రమాణం అలాగే చెబుతుంది. లేకపోతే ‘1/**/2’ అన్నది 12 అయి కూర్చుంటుంది. కామెంట్‌లో ఉన్న లైను విరుపులను కూడా ఉంచితే మంచిది, తర్వాత వచ్చే ఎర్రర్ సందేశాల్లో లైను నంబర్లు తప్పవు. ఇంతవరకు రెజెక్స్‌తో అవుతుంది. కానీ హాస్కెల్, ఓకామల్, రస్ట్ భాషల్లో కామెంట్ లోపల కామెంట్ ఉండొచ్చు, దాని లోపల ఇంకోటి. ఎన్ని తెరిచామో అన్నీ మూయాలి. స్టీఫెన్ క్లీని 1951లో నిర్వచించిన అసలు రెజెక్స్‌కు ఆ లెక్క అందదు. దాని వెనకున్న యంత్రానికి పరిమితమైన స్థితులే ఉంటాయి. లోతుకు హద్దు లేనప్పుడు ఎంత లోతులో ఉన్నామో గుర్తుపెట్టుకోవడం దానికి అసాధ్యం. ఇది పనితనం కొరత కాదు, గణితం పెట్టిన హద్దు.

బాబాయి: ఆ హద్దు నాకు తెలుసు. అక్కడ ఒక లెక్కపెట్టే అంకెను పక్కన పెట్టుకుంటాను. తెరిచే గుర్తు దొరికితే ఒకటి కలుపు, మూసే గుర్తు దొరికితే ఒకటి తీసేయి, సున్నాకు వస్తే కామెంట్ అయిపోయినట్టు. గుర్తులను పట్టేది అప్పటికీ రెజెక్సే. ఒక్క అంకె కోసం మొత్తం పార్సర్‌ను మోసుకురావాలా?

అమ్మాయి: అక్కర్లేదు. ఆ అంకె అవసరమని తెలిసినవాడికి అక్కర్లేదు. మరి భద్రత సంగతి? 2016 జులై 20న స్టాక్ ఓవర్‌ఫ్లో సైటు 34 నిమిషాలు ఆగిపోయింది. వచనం ముందూ వెనకా ఖాళీలు కత్తిరించే చిన్న రెజెక్స్ కారణం. ఎవరో పెట్టిన కోడ్‌లో ఒక కామెంట్ లైను మీద సుమారు 20,000 ఖాళీలు వరసగా ఉన్నాయి, వాటి తర్వాత లైను ముగియలేదు. ఇంజిన్ మొదటి ఖాళీ దగ్గర మొదలుపెట్టి చివరిదాకా నడిచింది, లైను చివర కాదని తెలిసి వెనక్కి వచ్చి రెండో ఖాళీ నుంచి మళ్లీ నడిచింది. అలా సుమారు ఇరవై కోట్ల అడుగులు. ఆ ప్యాటర్న్‌లో మామూలు ఖాళీలతో పాటు, ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు పొల్లు నిలబడడానికి మనం వాడే కనబడని అక్షరం కూడా ఉంది. మన భాషలో అది ఖాళీ కాదు, రాతలో భాగం.

బాబాయి: ఆ సంఘటన ఏం చెబుతోందంటే, ఇంజిన్ గురించి తెలుసుకోమని. థాంప్సన్ 1968లో చూపిన పద్ధతిలో వెనక్కి తిరగడమే లేదు. సాధ్యమైన దారులన్నిటిలోనూ ఒకేసారి నడుస్తుంది, అక్షరం ఒక్కసారే చదువుతుంది. ఆ తర్వాత వచ్చిన చాలా భాషలు వెనక్కి తిరిగే ఇంజిన్లు పెట్టుకున్నాయి. గూగుల్‌లో రస్ కాక్స్ రాసిన ఆర్‌ఈ2 మళ్లీ థాంప్సన్ దారికి వచ్చింది. పైగా ‘^ *#’ అన్నది లైను మొదటికి కట్టేసి ఉంది. ఎన్ని ఖాళీలున్నా ఒక్కసారే నడుస్తుంది. లైను చివర కత్తిరించే ప్యాటర్న్‌కు వచ్చిన ప్రమాదం దీనికి రాదు.

అమ్మాయి: ఒప్పుకుంటాను. కానీ లైను మొదటికి కట్టేయడంలోనూ రెండు గోతులున్నాయి. పాత విండోస్ నోట్‌ప్యాడ్‌లో తెలుగు ఫైలును యూటీఎఫ్-8గా భద్రపరిస్తే, ఫైలు మొదట బీఓఎం అనే కనబడని గుర్తు చేరేది. అప్పుడు మొదటి లైను హ్యాష్‌తో మొదలైనట్టు కంటికి కనిపిస్తుంది, ప్యాటర్న్‌కు మాత్రం దొరకదు. ఇక ఫైలు మొత్తాన్ని ఒకే స్ట్రింగ్‌గా చదివి, ఖాళీల కోసం బ్యాక్‌స్లాష్ ఎస్ వాడితే, అది లైను విరుపును కూడా ఖాళీగానే లెక్కేస్తుంది. కామెంట్‌కు పైనున్న ఖాళీ లైన్లను కూడా కలిపి మింగుతుంది. పేరాలను ఖాళీ లైన్లతో విడదీసిన తెలుగు వచనంలో పేరాలు కలిసిపోతాయి.

బాబాయి: రెండూ నిజమే. మొదటిదానికి బీఓఎం తీసేసి చదివే ఎన్‌కోడింగ్ ఆప్షన్, రెండోదానికి ఖాళీ, ట్యాబు మాత్రమే ఉన్న బ్రాకెట్. నేర్చుకుంటే తీరేవే.

అమ్మాయి: ఇంకొక్కటి చెబుతాను, నా వాదనంతా అందులో ఉంది. పెర్ల్ 5 నుంచి రెజెక్స్‌లోనే కామెంట్లు రాసుకునే పద్ధతి వచ్చింది. పైథాన్‌లోనూ ఉంది, వెర్బోస్ అంటారు. ఆ ఆప్షన్ పెడితే ప్యాటర్న్‌లోని ఖాళీలను ఇంజిన్ పట్టించుకోదు, హ్యాష్ నుంచి లైను చివరిదాకా కామెంట్‌గా వదిలేస్తుంది. ఇప్పుడు నీ ‘^#’ను ఆ ఆప్షన్‌తో నడిపించు. హ్యాష్ కామెంట్ అయిపోతుంది, మిగిలేది ‘^’ ఒక్కటే. ప్రతి లైనుకూ మొదలు ఉంటుంది కాబట్టి ప్రతి లైనూ దొరుకుతుంది. దాటేయాల్సినవి కొన్ని లైన్లు, దాటేసేది మొత్తం ఫైలు. ‘^\#’ అని గానీ ‘^[#]’ అని గానీ రాస్తేనే సరిగ్గా నడుస్తుంది. కామెంట్లను పట్టడానికి రాసిన గుర్తే కామెంట్ అయిపోయింది, చదివే ఇంజిన్ నియమం మారింది కాబట్టి.

బాబాయి: ఇది బలమైన మాట. సరే, నీ మాట ఇలా తీసుకుంటాను. కామెంట్ అనేది ఫైల్లో లేదు, చదివేవాడి నియమంలో ఉంది. అందుకని ప్యాటర్న్ రాసే ముందు ఆ నియమం చదవాలి. కానీ నా మాట కూడా నువ్వు తీసుకోవాలి. నియమం తెలిశాక, అది లైను మీద ఆధారపడినదైతే, ఒక్క లైను రెజెక్స్‌ను మించిన సరైన పనిముట్టు లేదు. తక్కువ రాత, తక్కువ తప్పు, అందరికీ అర్థమయ్యే పని. పార్సర్ అన్న పేరుంటే చాలు అన్నీ సరిగ్గా జరుగుతాయనుకోవడమూ మూఢనమ్మకమే. పాండాస్ లాంటి లైబ్రరీలో సీఎస్‌వీ చదివేటప్పుడు కామెంట్ గుర్తు హ్యాష్ అని చెప్పి చూడు. కోట్స్ లేని చిరునామా గడిలో ‘#’ వస్తే, లైబ్రరీ కూడా లైనును అక్కడే తెంపుతుంది.

అమ్మాయి: తీసుకుంటాను. సీఎస్‌వీకి 2005లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4180 పత్రంలో కామెంట్ అన్న ఊసే లేదు. లేని నియమాన్ని మనం లైబ్రరీకి నేర్పితే తప్పు మనదే. అందుకే పనిముట్టు ఏదైనా మన మధ్య ఒక ఏర్పాటు ఉండాలి. ప్యాటర్న్ పక్కనే, ఇది ఏ ఫార్మాట్ నియమమో ఒక ముక్క రాయాలి. మైనస్ వి పెట్టే ముందు అది లేకుండా అదే ప్యాటర్న్ నడిపి, పారేయబోతున్న లైన్లను ఒకసారి కళ్లతో చదవాలి. ఉంచినవీ తీసేసినవీ కలిపితే మొత్తం లైన్ల లెక్క సరిపోవాలి.

బాబాయి: ఆ ఏర్పాటు నాకు సమ్మతమే. కానీ ఇంత జాగ్రత్త తీసేసే వైపే ఎందుకంటావు? కామెంట్‌ను పొరపాటున ఉంచేసినా తప్పే కదా.

అమ్మాయి: రెండు తప్పులూ సమానం కావు బాబాయ్. కామెంట్ ఒకటి పొరపాటున డేటాలో మిగిలిపోతే, అంకె ఉండాల్సిన చోట మాట వచ్చిందని ప్రోగ్రాము చాలాసార్లు అక్కడే అరుస్తుంది. ఆ పూటే సరిచేసుకుంటాం. డేటా లైను ఒకటి కామెంటనుకుని తీసేస్తే అరిచేవాడు ఉండడు. ఉన్నదానిలో తప్పు వెతకగలం కానీ, లేనిది లేదని ఎవరికి తెలుస్తుంది? జాబితాలో ఒక పేరు తగ్గుతుంది, మొత్తంలో ఒక అంకె మారుతుంది, పట్టిక చక్కగానే కనిపిస్తుంది. అందుకని నియమం ఖాయంగా తెలియనప్పుడు లైనును ఉంచేయడమే మేలు. అరిచే తప్పును ఎవరైనా దిద్దుకుంటారు. అరవని తప్పును దిద్దాలంటే మనమే ముందుగా పారేసిన లైన్లు చదివి ఉండాలి.

బాబాయి: అయితే రేపటి నుంచి కొత్త కుర్రాళ్లకు ‘^#’ నేర్పే ముందు ఆ ఫైలు మాన్యువల్ తెరిపిస్తాను. అందులో లైను మొదటి హ్యాష్ కామెంటేనని రాసి ఉంటే మాత్రం, నా ఒక్క లైను ఆజ్ఞను నువ్వు కాదనకూడదు.

అమ్మాయి: కాదనను. ఆ లైను నేనే రాసిస్తాను.